విత్తనం పసుపు

జగ్గమ్మే తన కోడలికి విషం పెట్టిందని సబ్‌ఇన్‌స్పెక్టర్ బెన్హర్ భోజనాల వేళకే తేల్చేశాడు. కృపారాణి బొబ్బిలిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చేరేసరికి వాంగ్మూలం రాయడం అయిపోయింది, కింద వేలిముద్ర కూడా పడింది. ఇంటి ముందు జీపు ఆగి ఉంది. బెన్హర్ వీధరుగు మీద కాలు మీద కాలు వేసుకుని, టోపీ పక్కన పెట్టుకుని మజ్జిగ తాగుతున్నాడు.

"ఆ మజ్జిగెవరిచ్చారు బావా?" అంది కృపారాణి చెప్పులు విప్పుతూ.

"జగ్గమ్మే," అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"విషం పెట్టే మనిషి సేతి మజ్జిగ. నీ ధైర్యానికి మెచ్చుకోవాల."

బెన్హర్ ఆమెకు మేనత్త కొడుకు. ఇద్దరూ బొబ్బిలిలో ఒకే చర్చికి వెళ్ళి, ఒకే బడిలో చదివారు. ఆదివారం బడిలో వాక్యం ఎవరు ముందు అప్పజెబుతారన్న దగ్గర మొదలైన పోటీ, అతను ఖాకీ తొడుక్కున్నా, ఆమె విజయనగరంలో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు తగిలించుకున్నా ఇంకా తెమల్లేదు. పండక్కి అత్త వండిన గారెల్లో పెద్దది ఎవరికి దక్కాలన్నది ఇప్పటికీ ఆ ఇంట్లో తగువే. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు రాత్రంతా కూర్చోవడమూ మామూలే.

ఈ కేసు మాత్రం గారెల తగువు కాదు. జగ్గమ్మ కోడలు ధనలక్ష్మికి ఆరో నెల. కడుపు పండిన కొత్తలో థైరాయిడ్ పరీక్ష చేస్తే అంతా సవ్యంగానే ఉంది. ఆ తరువాతే లెక్క తప్పింది. మెడ ఉబ్బింది, ఒళ్ళు బరువెక్కింది, కూర్చున్నచోటే కునుకు పట్టడం మొదలైంది. విజయనగరంలో డాక్టరు గిరిబాబు మాత్ర రాశాడు, మోతాదు పెంచాడు, మళ్ళీ పెంచాడు. ఫలితం లేదు. పోయిన వారం స్కానింగులో కడుపులోని బిడ్డ గొంతు దగ్గర కూడా చిన్న వాపు కనబడింది. అప్పుడాయన అనుమానపడి మూత్రం పరీక్షకు పంపాడు. పంటలకు బూజు తెగుళ్ళు రాకుండా వాడే పొడిమందు ఒకటుంది. అది ఒంట్లో గానీ, పొయ్యి వేడికి గానీ విరిగినప్పుడు పుట్టే పదార్థం అందులో బయటపడింది. ఆ పదార్థం థైరాయిడ్ గ్రంథిని పని చెయ్యనివ్వదు. తల్లిదీ, కడుపులో బిడ్డదీ కూడా. అది లోపలికి పోవడం ఇప్పుడే ఆగితే ఇద్దరూ కోలుకుంటారనీ, ఆగకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుందనీ డాక్టరు చెప్పాడు. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు తెలియజేశారు. ధనలక్ష్మి మొగుడు ఈశ్వర్ లారీ తోలుతూ ఒడిశాలో ఎక్కడో ఉన్నాడు. అక్కడి నుంచే కృపారాణికి ఫోన్ చేసి, మా అమ్మ అలాంటిది కాదక్కా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"సదువుకో," అంటూ బెన్హర్ వాంగ్మూలం అందించాడు. పశువులశాలలో చూరు కింద ఆ రకం పొడిమందు పొట్లమే దొరికింది. మూతి కత్తిరించి ఉంది. దానికి తోడు జగ్గమ్మ తన నోటితో ఒప్పుకున్న మాట. "రోజూ పరగడుపున నా సేత్తోనే కోడలికి మందు పెడతన్నాను. ఈ సంగతి ఎవరికీ సెప్పలేదు."

కృపారాణి ఆ వాక్యం రెండుసార్లు చదివింది. మందు పెట్టడమంటే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకటే అర్థం. గిట్టని మనిషికి అన్నంలోనో పాలలోనో కొంచెం కొంచెంగా ఏదో కలిపి మంచం పట్టించడం. ఆ మాట వినగానే బెన్హర్ కలం ఆగి ఉండదు.

"ఏ మందని అడిగావా?"

"మందు పెట్టానని ఒప్పుకున్న మనిషిని పట్టుకుని ఏ మందని అడుగుతారేటే? సూరు కింద పొట్లం కళ్ళెదురుగా కనబడతంటే?"

ఆమె కాగితం అతని ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది.

నడవలో జగ్గమ్మ పీట మీద కూర్చుని పెరుగన్నం మెత్తగా పిసుకుతోంది. యాభై దాటిన మనిషి, ఎండకు వాడిన ముఖం. వేలికి సిరా అలాగే ఉంది. అందుకని ఎడం చేత్తో కంచం పట్టుకుని, ఆ వేలు తగలకుండా కుడిచేతి మిగిలిన వేళ్ళతో ముద్దలు చేస్తోంది. ధనలక్ష్మి గోడకు చేరగిలబడి, అత్త చీర కొంగు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆ కొంగు వదిలితే అత్తను జీపెక్కించేస్తారని ఆ పిల్ల భయమని చూడగానే తెలుస్తోంది.

కృపారాణి ఎదురుగా చతికిలబడి, ఎవరని జగ్గమ్మ అడక్కముందే ఈశ్వర్ పంపాడని చెప్పింది. జగ్గమ్మ తన సంగతి ఎత్తనేలేదు. పొద్దుటి నుంచీ పోలీసులొచ్చి కూర్చున్నారని పిల్ల మెతుకు ముట్టలేదనీ, కాస్త మీరైనా చెప్పండమ్మా అనీ మొదలుపెట్టింది. రెండు ముద్దలు లోపలికి పోయేదాకా కృపారాణి కేసు మాట ఎత్తకుండా ఊరుకుంది. తరువాత, పరగడుపున పెట్టే మందు ఏదో చూపించమంది.

జగ్గమ్మ లేచి, దేవుడి గూట్లో పటాల వెనక నుంచి చిన్న సీసా తీసింది. గిరిబాబు రాసిన థైరాయిడ్ మాత్రలే.

"పిల్లకి నిద్దర మత్తు. మర్సిపోతాదని బిళ్ళ నేనే నోట్లో ఏస్తన్నాను. ఏసినాక గంట దాకా కాఫీ సుక్క కూడా ఇవ్వను. డాట్రు బాబు అలాగే సెప్పాడు."

"మరి ఎవరికీ చెప్పలేదన్నారట?"

"కడుపుతో ఉన్న పిల్ల, ఏదో జబ్బున్నాదని ఊళ్ళో అనుకోరా? రేపు పుట్టినోళ్ళకి కూడా ఆ పేరు అంటగట్టెయ్యరా? మా ఇంటి సంగతి మా ఇంట్లోనే ఉండాలనీసి గూట్లో దాసీసినాను."

కృపారాణి సీసా తెచ్చి అరుగు మీద, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టింది. జగ్గమ్మ అన్నదేమిటో, ఆమె ఉద్దేశమేమిటో విడమరిచి చెప్పింది. బెన్హర్ చెవులు ఎర్రబడ్డాయి. గెలిచినప్పుడు వాటిని చూసి వెక్కిరించడం ఆమెకు చిన్నప్పటి అలవాటే. ఇవాళ ఊరుకుంది, ఎందుకంటే అతని తరువాతి ప్రశ్న తనకూ తెగనిదే.

"సరే, మాట నాకు తప్పుగా అర్థమయింది. మరి ఆ విషం పిల్ల ఒంట్లోకి ఎలాగ పోయింది? గాలిలో వచ్చి పడిందా? ఇంట్లో ఉన్నది ఇద్దరే ఆడవాళ్ళు. వండేది ఒక్కర్తే. సూరు కింద పొట్లం ఆవిడదే. నువ్వు డాక్టరు మాట విన్నావు కదే కృపా. ఈ రోజు నేను ఆవిడ్ని ఇక్కడ ఒదిలీసి పోతే, రేపు ఆ బిడ్డకి ఏదైనా అయితే, నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?"

అతనిది మొండితనమే అయినా ఆ భయం నిజం. కృపారాణికీ అదే భయం. జీపు డ్రైవరు ఊళ్ళోకి టీకి వెళ్ళాడు. వాడు వచ్చేదాకా ఆగుతానని బెన్హర్ ఒప్పుకున్నాడు. వచ్చాక ఒక్క నిమిషం కూడా ఆగనన్నాడు. తాను దగ్గరుండి చూస్తానని ఆమె వెనకే వంటింట్లోకి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

వంటింట్లో కృపారాణి దేన్నీ గబగబా ముట్టుకోలేదు. మధ్యలో నిలబడి, ఈ ఇంట్లో ఇద్దరూ తినేది ఏది, ఒక్కరే తినేది ఏది అని కళ్ళతోనే విడదీసుకుంది. బియ్యం ఒకటే. నీళ్ళు ఒకే కుండలోవి. పాలు ఒకే గేదెవి. కూరలూ అంతే. విషం వాటిల్లో ఉంటే అత్త మెడ కూడా ఉబ్బాలి. పొట్లం సంగతి అడిగితే, టమాటా మళ్ళకు కొట్టగా మిగిలిందని జగ్గమ్మ చెప్పింది. ఆ పొట్లం వంటింటి దాకా ఎప్పుడూ రాలేదంది. దాన్ని ముట్టుకుంటే స్నానం చేస్తేగానీ పొయ్యి దగ్గరికి రాదట.

అప్పుడు కృపారాణి కళ్ళు రెండు పసుపుల మీద పడ్డాయి. పోపులడబ్బాలో కొట్లో కొన్న పసుపు ఒకటి. పై అరలో, గుడ్డ వాసెన కట్టిన జాడీలో మరొకటి.

"ఒకే ఇంట్లో రెండు పసుపులేటమ్మా?"

జాడీలోది కోడలిదని జగ్గమ్మ చెప్పింది. వియ్యంకుడు జగన్నాధం శృంగవరపుకోట అవతల కొండవార పసుపు పండిస్తాడు. కూతురు నెల తప్పిందని తెలిశాక తానే తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి పచ్చికొమ్ములు ఇచ్చి వెళ్ళాడు. జగ్గమ్మ వాటిని ఉడకబెట్టి, ఎండబెట్టి, రోట్లో దంచింది. మిల్లుకు ఇస్తే అందులో మిరపకారం కలుస్తుందని ఇవ్వలేదు. సారం పోతుందని నీళ్ళు కూడా తక్కువే పోసి, ఆ నీళ్ళు ఇగిరేదాకా ఉడకబెట్టింది. రెండు పూటలా కోడలి పాలల్లో వేసేది అదే, ఒంటికి రాసేది అదే. కడుపుతో ఉన్నదాని పసుపు ఇంకొకరు వాడకూడదు కాబట్టి తాను అందులోంచి చిటికెడు కూడా తీసుకోదు.

ఇంట్లో ఒక్కరే తినేది దొరికింది. ఉడకబెట్టని కొమ్ములు ఇంకా ఉన్నాయా అని కృపారాణి అడిగింది. ధనలక్ష్మి గదిలో మంచం కింద తట్టలో కొన్ని మిగిలాయి. అందరూ అక్కడికి నడిచాక కృపారాణి తట్టను కిటికీ వెలుతురులోకి లాగి, పైవి పక్కకు తీసి, అడుగున ఉన్న దుంప ఒకటి చేతిలోకి తీసుకుంది. బొద్దుగా, కణుపు కణుపుకీ మొలక మొటిమలతో చూడముచ్చటగా ఉంది. వాసన చూస్తే పసుపు వాసన కిందనుంచి ఏదో కుళ్ళు వాసన లీలగా తగిలింది. కణుపు మడతల్లో సన్నటి పొడి అంటుకుని ఉంది. లేత పసుపు రంగు. పసుపుకొమ్ముకు పసుపు అంటితే ఎవరి కంటికి ఆనుతుంది?

"పసుపుకి పసుపు రంగు కాక ఏటుంటాది?" అన్నాడు బెన్హర్ ఆమె భుజం మీంచి తొంగి చూస్తూ.

 కృపారాణి జగ్గమ్మను ఆకూ సున్నం అడిగింది. తమలపాకు మీద సున్నం రాసి, దుంపను చాకుతో కోసి, కోసిన ముఖాన్ని ఒక పక్క రుద్దింది. కళ్ళముందే పారాణిలా ఎర్రబడింది. రెండో పక్కన, అదే దుంప మడతల్లోంచి గోటితో గీకిన పొడి వేసి సున్నంతో కలిపింది. చూస్తూ కూర్చున్నారు. అది లేత పసుపుగానే ఉండిపోయింది.

జగ్గమ్మకు ముందు అర్థమైంది. పారాణి కలపని ఆడది ఉంటుందా? సున్నం తగిలితే ఎర్రబడనిది పసుపు కాదు. ఆమె తట్ట పక్కన కూర్చుని, మిగిలిన దుంపలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"నా సేతుల్తో దంసినాను," అంది. "నా సేతుల్తో కలిపి తాగించినాను."

ధనలక్ష్మి కొంగు వదిలిపెట్టి అత్త మెడ చుట్టూ చెయ్యి వేసింది. నీకేటి తెలుసత్తా, నీకేటి తెలుసు అని అంటూనే ఉంది.  ఆ పొడి పొట్లంలోది కావచ్చుననీ, చల్లింది ఈవిడే ఎందుకు కాకూడదనీ అన్నాడు బెన్హర్. కానీ మాటలో పదును తగ్గింది.

"సల్లితే పైదుంపల మీద పడతాది, పై పక్కనే పడతాది," అంది కృపారాణి. "ఇది అడుగుదుంప. మడతల్లోకీ, వేళ్ళ మొదళ్ళలోకీ దిగి ఎండిపోయింది. నీళ్ళలో కలిపి ముంచితేనే అలాగ దిగుతాది. ఈ తట్ట ఈ గడప తొక్కకముందే ఎవరో ముంచారు బావా. దుంపల్ని ఎందుకు ముంచుతారో రైతుబిడ్డవి, నీకు నేను సెప్పాలా?"

బెన్హర్ దుంపను చేతిలోకి తీసుకుని మొలకల వైపు చూశాడు. "విత్తనం," అన్నాడు మెల్లిగా. "నాటే వరకూ కుళ్ళకుండా ముంచుతారు."

ఆమె జగన్నాధానికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా మంచం మీద పెట్టింది. అటువైపు మనిషి ముందు కూతురి యోగక్షేమాలు అడిగాడు. అన్నం తిన్నావా తల్లీ అన్నాడు. తిన్నాను నాన్నా అని ధనలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఎవరో కొత్త గొంతు పసుపు గురించి అడిగేసరికి ఆయనకు ముచ్చటేసింది. అది అమ్మకానికి పెట్టిన పసుపు కాదనీ, అన్నిటికల్లా మేలైనదనీ చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందట. కడుపుతో ఉన్న ఆడబిడ్డకు పసుపు విత్తనం తట్టలోంచే తీసి ఇవ్వాలి.

"మొలిసేది మొలిసేదానికే ఇవ్వాలని మా అమ్మ సెప్పేది. బలమైన దుంపలన్నీ ఏరి విత్తనానికి పెడతాం కదమ్మా. పిల్లకి అంతకంటే మంచిది ఏటివ్వగలను?"

విత్తనాన్ని దేనిలో ముంచుతారని కృపారాణి అడిగింది. వాళ్ళ అమ్మ కాలంలో పేడనీళ్ళలో ముంచి, బూడిద చల్లేవారు. ఇప్పుడు విత్తనం పని కొడుకు గోపి చూసుకుంటున్నాడు. ఏదో పసుపుపచ్చ పొడి నీళ్ళలో కలిపి ముంచుతాడు. అది దుంపకు పట్టే చీడకే గానీ మనుషుల్ని ఏమీ చెయ్యదని జగన్నాధం నమ్మకంగా చెప్పాడు. అయినా ఉడకబెట్టాక ఇంకేముంటుంది అన్నాడు.

ఉడకబెట్టిన వేడికే మందు విరిగి విషం ఎక్కువైందని ఆ తండ్రికి ఎలా చెప్పాలి? పేడనీళ్ళు పోయి మందు నీళ్ళు వచ్చాయి, ఆనవాయితీ మాత్రం కదలకుండా ఉండిపోయింది. ఇందులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆమె వీలైనంత మెత్తగా చెప్పింది. కూతురికి ఈ పూట నుంచే ఆ పసుపు ఆపేస్తున్నామనీ, ఆపితే తల్లీ బిడ్డా కోలుకుంటారని డాక్టరు అన్నాడనీ ముందుగా చెప్పి, ఆ తరువాతే మందు సంగతి చెప్పింది. నేనే కదమ్మా నా సేత్తో ఇచ్చింది అన్నాడు జగన్నాధం నీరుగారిన గొంతుతో. ఈలోగా బెన్హర్ వాంగ్మూలం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, జగ్గమ్మ ముందు వంగి, సిరా వేలు తుడుచుకోమని తన చేతిరుమాలు ఇచ్చాడు.

"బాబాయ్, ఆ తట్టలోది ఇంకెవరికైనా ఇచ్చారా?"

"బయటోళ్ళకి ఎందుకిస్తామమ్మా. మా కోడలికి ఇచ్చాం. దుర్గాభవాని, గోపి పెళ్ళాం. నెల తప్పినకాడి నుంచీ పాలల్లో అదే. మొన్ననే ఆడపిల్ల పుట్టింది, ఇంకా నెల తిరగలేదు."

"పిల్లెలా ఉంది?"

ఆయన గొంతులోకి మళ్ళీ ప్రాణం వచ్చింది. "ఆ భయం పెట్టుకోకమ్మా, ఆ పిల్లకేటీ లేదు. మా ఇంట అలాటి బంగారుతల్లి పుట్టలేదు. ఏడుపన్నదే ఎరగదు. ఎంతసేపూ నిద్దరే, పాలకి లేపినా లెగదు. ఆ ఒంటి రంగు సూడాల నువ్వు. పుట్టిన వారం నుంచీ పచ్చగా మెరిసిపోతన్నాది. రోజూ ఆ పసుపే నలుగు పెడతన్నాం కదా."

ధనలక్ష్మి మేనకోడల్ని తలుచుకుని, ఏడుపు మధ్యలోనే నవ్వింది. కృపారాణి నవ్వలేదు. ఆసుపత్రిలో పుట్టాక థైరాయిడ్ పరీక్షకని పిల్ల మడమ దగ్గర రక్తం తీశారా అని అడిగింది. తీస్తామన్నారనీ, పసిగుడ్డుకు సూదేమిటని మర్నాడే ఇంటికి తెచ్చేసుకున్నామనీ ఆయన చెప్పాడు. మెడ దగ్గర వాపుందా అంటే, బొద్దుగా ఉంటుందమ్మా, తెలీదు అన్నాడు.

ఆమె ఫోన్ మీద అరచెయ్యి మూసి బెన్హర్ వైపు తిరిగింది.

"పుట్టిన పిల్లకి థైరాయిడ్ పని చెయ్యకపోతే ఏడవదు బావా. నిద్దరోతాది. పాలు తాగదు. కామెర్లు తగ్గవు. వీళ్ళు అది పసుపు రంగనుకుంటన్నారు. ఈ ఇంట్లో బిడ్డకి ఇంకా టైముంది. ఆ పిల్లకి రోజులే లెక్క."

బెన్హర్ వెంటనే తన ఫోన్ తీసి, శృంగవరపుకోట స్టేషన్‌కు కలిపి, వాళ్ళ జీపును కొండవారకు పంపమంటూ వీధిలోకి నడిచాడు. ఇంకో చేత్తో, అప్పుడే టీ తాగి వస్తున్న డ్రైవరుకు బండి తియ్యమని సైగ చేశాడు. కృపారాణి గిరిబాబుకు సంగతంతా మెసేజ్ పెట్టి, మళ్ళీ ఫోన్ దగ్గరికి వంగింది.

"బాబాయ్, నలుగు వద్దు, స్నానం వద్దు. పొడిగుడ్డ సుట్టి, తల్లినీ పిల్లనీ తయారుగా ఉంచండి. పోలీసు బండి వస్తాది, భయపడకండి. అది మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికే, మేమూ అక్కడికే వస్తన్నాం. ఇప్పుడు పిల్లని లేపి పాలు పట్టండి."

"ఇప్పుడే కదమ్మా పడుక్కున్నాది," అన్నాడాయన బతిమాలుతున్నట్టు.

"లేపండి."

అటు చాప సర్దిన చప్పుడు. ఎవరో ఆడమనిషి చిటికెలు వేస్తోంది. అమ్మలూ, అమ్మలూ అని పిలుస్తోంది. అరికాలి మీద వేలితో తడుతున్న చప్పుడు కూడా సన్నగా వినబడింది. జగ్గమ్మ మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి ఫోన్ పక్కన చెవి పెట్టింది. వీధిలో జీపు స్టార్టయింది. చిటికెలు ఆగాయి. జగన్నాధం ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు.

తరువాత, ఎంతో లోతులోంచి వచ్చినట్టు, బొంగురుగా ఒక చిన్న ఏడుపు.

"ఏడిపించేశావు కదమ్మా," అన్నాడు జగన్నాధం నొచ్చుకుంటూ. "పాపం, ఇన్నాళ్ళకి ఇదే ఏడవడం. ఉండు, ఊరుకోబెడతాను."

"ఊరుకోబెట్టకండి బాబాయ్," అంది కృపారాణి చెప్పుల్లో కాళ్ళు దూర్చుతూ. "బండి వచ్చేదాకా ఏడవనివ్వండి."